ఎవడి సౌండు ఎక్కువ?

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మా బ్యాండు విడిపోయింది. ఎందుకని అడిగితే డ్రమ్స్ వాయించినవాడు ఒక అమ్మాయి పేరు చెప్తాడు. పాడినవాడు బ్యాక్‌లాగులంటాడు. రెంటిలోనూ నిజం లేకపోలేదు గానీ, నన్నడిగితే ఒక చెక్కపెట్టె వల్ల అంటాను.

మా గిటారిస్టు దగ్గర 50 వాట్ల ఆంప్ ఉండేది. దాని కింద ఒక స్పీకర్ కాబినెట్. రెండు 12 అంగుళాల స్పీకర్లు, వెనక సగం తెరిచి ఉన్న చెక్కపెట్టె. (గిటారు వాయించేవాళ్ళు దీన్ని క్యాబ్ అంటారు. ఫోన్లో బుక్ చేసుకునే క్యాబ్‌తో గందరగోళం ఎందుకని నేను పెట్టె అనే అంటాను.) ఆ ఏడు ఒక సీనియర్ పైచదువులకి వెళ్ళిపోతూ రెండు వింటేజ్ 30 స్పీకర్లు సగం ధరకి ఇచ్చిపోయాడు. మావాడు కాలేజీ దగ్గరి కార్పెంటరు చేత వాటికి ప్లైవుడ్‌తో కొత్త పెట్టె చేయించాడు, ఈసారి వెనక పూర్తిగా మూసి. ఆంప్ అదే. గిటారు అదే. వాల్యూమ్ నాబ్ ఎప్పట్లాగే మూడు దగ్గర. మొదటి కార్డు కొట్టగానే నా కీబోర్డు నాకే వినబడ్డం మానేసింది.

"రేయ్, తగ్గించరా."

"నేనేం పెంచలేదు. వచ్చి చూస్కో, మూడు మీదే ఉంది."

నిజమే, మూడు మీదే ఉంది. పైగా వాడి దగ్గర ఇంకో గట్టి వాదన. పాత స్పీకర్ల మీద 75 వాట్లని రాసుంది, కొత్తవాటి మీద 60. "తక్కువ వాట్లవి పెడితే ఎక్కువ సౌండొస్తోందంటావేంట్రా? నువ్వు చదివేది ఇంజనీరింగే కదా?" ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అది తెలిసేసరికి పన్నెండేళ్ళు పట్టింది. అప్పటికి వాడూ గిటారు మానేశాడు, నా ఎడమ చెవీ ఒకలా లేదు. ఆ సంగతి చివర్లో.

స్పీకర్ మీద రాసే వాట్లు అది చేసే శబ్దానికి కొలత కాదు. అది కాలిపోకుండా ఎంత తట్టుకోగలదో చెప్పే లెక్క. లారీ వెనకాల రాసిన టన్నుల్లాంటిది, బండి ఎంత స్పీడుగా పోతుందో అందులో ఉండదు. స్పీకర్లోకి పంపిన కరెంటులో నూటికి తొంభై వంతులకి పైగా వేడిగానే పోతుంది. మిగిలిన ఆ కాస్తలోనే మన సంగీతం. ఆ కాస్త ఎంతన్నది చెప్పేది ఇంకో అంకె, సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి, ఎదురుగా ఒక మీటరు దూరంలో మైకు పెట్టి కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. మావాడి పాత స్పీకర్లు సెలెస్టియన్ కంపెనీవి, జీ12టీ-75లు. కంపెనీవాళ్ళ లెక్కలో వాటికి 97. అదే కంపెనీ వింటేజ్ 30కి 100. మూడే కదా తేడా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్కలో మూడంటే శక్తి రెట్టింపు. పాత స్పీకర్లకి 100 వాట్లు పంపితే ఎంత శబ్దమొస్తుందో కొత్తవాటికి 50 వాట్లు పంపితే అంత వస్తుంది. 50 వాట్ల ఆంప్ నుంచి 100 వాట్లకి మారాలంటే ఇంట్లో ఎన్ని నెలలు బతిమాలుకోవాలో! మావాడు ఆ పని ప్లైవుడ్డు ఖర్చుతో కానిచ్చేశాడు, తెలీకుండానే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. శక్తి రెట్టింపైతే వినబడేది రెట్టింపు కాదు. మనిషికి "రెండింతలైంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల శక్తి కావాలి. మూడు డెసిబెల్స్ అంటే "కొంచెం పెంచినట్టున్నారే" అనిపించే తేడా మాత్రమే. నాకు ఆ రోజు కొంచెం పెంచినట్టు అనిపించలేదు. చెంప మీద కొట్టినట్టు అనిపించింది. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది?

మా ఊరి గుడి మైకు గుర్తు చేసుకుంటే సగం జవాబు దొరికింది. ధనుర్మాసంలో తెల్లారకముందే మొదలయ్యే ఆ రేకు గొట్టం వెనకాల ఉండేది చిన్న ఆంప్లిఫయరే. అయినా ఊరవతల పొలంలో ఉన్నవాడికి కూడా వినబడుతుంది. కానీ ఏం వినబడుతుంది? ఘంటసాల గొంతులోని గాంభీర్యం గుడి వాకిట్లోనే ఆగిపోతుంది. పొలం దాకా వచ్చేది ముక్కుతో పాడినట్టుండే పైభాగం. గొట్టం ఆకారం వల్ల గాలిని తోసే పని బాగా జరుగుతుంది, అదొక కారణం. రెండో కారణం, ఆ గొట్టం గట్టిగా పలికే భాగం సరిగ్గా మన చెవి అతి చురుగ్గా ఉండే చోట పడుతుంది.

ఆ చోటేదో 1933లో కొలిచి చూపించారు. బెల్ లాబ్స్‌లో హార్వీ ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ కలిసి మనుషులకి వేరువేరు ఫ్రీక్వెన్సీలు వినిపించి, ఏది ఎంత మోతాదులో ఉంటే రెండూ సమానంగా అనిపిస్తాయో అడిగి గీతలు గీశారు. 3000, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల చెవికి చాలా తక్కువ చాలు. చెవి రంధ్రం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఆ చిన్న గొట్టమే పిల్లనగ్రోవిలా ఆ స్వరాల్ని లోపల ఇంకాస్త పెంచుతుంది. కిందకి, 100 హెర్ట్జ్ దగ్గరికి వస్తే, మెల్లగా వింటున్నప్పుడు 20 డెసిబెల్స్‌కి పైగా ఎక్కువ ఇస్తే గానీ సమానంగా వినబడదు. మొత్తం సౌండు బాగా పెరిగాక మాత్రం ఆ తేడా తగ్గుతూ వస్తుంది, బేసు తనంతట తనే ముందుకొస్తుంది. "పెంచితే గానీ ప్రాణం రాదు" అని గిటారిస్టులు చెప్పే మాట పూర్తిగా సాకు కాదన్నమాట.

ఇప్పుడు వింటేజ్ 30 గ్రాఫు చూడండి. 2000 హెర్ట్జ్ దాటాక ఒక గుట్ట లేస్తుంది. జీ12టీ-75కి అంత గుట్ట ఉండదు, మధ్య స్వరాలు కాస్త లోపలికి పోయి ఉంటాయి. 100, 97 అనే అంకెలు ఈ గుట్టల్నీ లోయల్నీ చదును చేసి చెప్పినవి. చెవి చదును చేసి వినదు. మూడు డెసిబెల్స్ తేడా నాకు చెంపదెబ్బ కావడానికి పెద్ద కారణం ఆ గుట్ట.

దీని జోలికి రాక్ సంగీతం మీద రాసేవాళ్ళు రారు, నాకున్న ఫిర్యాదు అది. సాహిత్యం గురించి రాస్తారు, తిరుగుబాటు గురించి రాస్తారు, వేళ్ళ మహిమ గురించి రాస్తారు. కాస్త సాంకేతికంగా రాసేవాళ్ళైతే ఆంప్ గురించి, దాని వాల్వుల గురించి పేజీలు నింపుతారు. పెట్టె దగ్గరికొచ్చేసరికి "నాలుగు స్పీకర్లది" అని ఒక ముక్క. సన్నాయి గురించి రాస్తూ దాని చివరనుండే అనసు గురించి ఏమీ చెప్పకపోవడం లాంటిదిది. చరిత్ర చూస్తే పెట్టె చేసిన పని చిన్నదేం కాదు. 1962లో లండన్ పడమటి శివారు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ తన సంగీత వాయిద్యాల దుకాణంలో మొదటి ఆంప్ తయారు చేయించాడు, జేటీఎం45. దాని సర్క్యూట్ ఫెండర్ బాస్‌మన్‌కి దాదాపు నకలు. వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ కొంత మారాయి, నిజమే. కానీ అసలు నకలు కానిది పెట్టె. ఫెండర్‌ది వెనక తెరిచిన పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు. మార్షల్‌ది పూర్తిగా మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాలవి. నాలుగెందుకంటే అప్పటి స్పీకర్లు రెండైతే తట్టుకోలేక పోయేవి కనుక. ధ్వనిశాస్త్రం చదివి గీసిన కొలతలేం కావు, నాలుగూ పట్టడానికి ఎంత చాలునో అంత పెట్టె. ఆ సర్దుబాటులోంచి ఒక తరం గిటారు స్వరం పుట్టింది.

నాలుగు స్పీకర్లు పక్కపక్కన ఉన్నప్పుడు ఇంకో చిత్రం జరుగుతుంది. గిటారు అన్నిటికంటే కింది తీగ 82 హెర్ట్జ్, దాని తరంగం పొడవు నాలుగు మీటర్లకి పైనే. అంత పొడుగు తరంగానికి ఈ నాలుగూ వేరువేరుగా కనబడవు, కలిసి ఒకే పెద్ద స్పీకర్‌లా గాలిని తోస్తాయి. అదే శక్తిని ఒక్కదానికి బదులు నాలుగింటికి పంచినా ఎదురుగా నిలబడ్డవాడికి బేసు 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. ఏ వాట్లూ పెరక్కుండానే. ఇటుపక్క వాక్స్ ఏసీ30 తీసుకోండి, 30 వాట్లే. దాన్లో ఉండే రెండు సెలెస్టియన్ బ్లూ స్పీకర్లు తట్టుకునేది ఒక్కొక్కటి 15 వాట్లు, సెన్సిటివిటీ మాత్రం 100. 98 సెన్సిటివిటీ ఉన్న గ్రీన్‌బాక్ స్పీకర్ల మీద నడిచే 50 వాట్ల మార్షల్‌తో కాగితం మీద లెక్కేస్తే ఒక్కో స్పీకర్ జతకి రెండూ దాదాపు సమానం. రోరీ గాలహర్, బ్రయన్ మే లాంటివాళ్ళు ఏసీ30తో పెద్ద పెద్ద హాళ్ళు నింపారంటే అందులో స్పీకర్ల వాటా తక్కువేం కాదు.

ఇక మా గది. అదో అపార్ట్‌మెంటు సెల్లారు. వానాకాలం నీళ్ళొస్తాయని కొత్త పెట్టెని బల్ల మీద పెట్టేవాళ్ళం. నేను దానికి రెండు మీటర్ల ముందు, ప్లాస్టిక్ కుర్చీలో కూచుని కీబోర్డు వాయించేవాణ్ణి, ఎడమ చెవి పెట్టె వైపు. మావాడు పెట్టె పక్కనే, దాదాపు ఆనుకుని నిలబడేవాడు. ఈ మూడు వాక్యాల్లోనే మా గొడవంతా ఉంది, అప్పుడు కనబడలేదంతే.

12 అంగుళాలంటే 30 సెంటీమీటర్లు. 1000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 34 సెంటీమీటర్లు, 3000 దగ్గర 11. తరంగం స్పీకర్ కంటే చిన్నదవుతున్నకొద్దీ శబ్దం అన్ని వైపులకీ పరుచుకోవడం మానేసి టార్చిలైటులా ముందుకే పోతుంది. అంటే చెవికి గుచ్చుకునే ఆ 3000 హెర్ట్జ్ గుట్ట అంతా సూటిగా ఎదురుగా ఉన్నవాడికి. ఆ ఎదురుగా ఉన్నవాణ్ణి నేను. పక్కన నిలబడ్డ మావాడికి ఆ వెలుగు అంచు కూడా తగల్లేదు. వాడికి వినబడింది మెత్తగా, ముద్దగా. పాత పెట్టె వెనక తెరిచి ఉండేది కాబట్టి వెనక నుంచి వచ్చిన శబ్దం గోడకి తగిలి గదంతా పరుచుకునేది, పక్కనున్నవాడికీ వంతు దొరికేది. కొత్తది మూసేశాక అదీ పోయింది. పైగా నేల మీద ఉన్న పెట్టెకి నేల కొంత బేసు సాయం చేస్తుంది. బల్లెక్కించాక ఆ సాయం తగ్గింది. పాపం వాడికి కొత్త పెట్టె పాతదానికంటే పలచగా, దూరంగా వినబడుతుండేది. అందుకని పెంచేవాడు. నేను తగ్గించమనేవాణ్ణి. వాడు అబద్ధమాడలేదు, నేనూ ఆడలేదు. ఒకే పెట్టె, ఒకే క్షణం, ఇద్దరికీ మధ్య రెండు మీటర్ల దూరం. "నీకు చెవుల్లేవు" అని నేనన్నాను. "నీకు రాక్ అంటే భయం" అని వాడన్నాడు. ఆ తర్వాతి వారం నుంచి నేను వెళ్ళలేదు.

ఇదంతా తెలిశాక నాకు అర్థమైన రికార్డు ఒకటుంది. ద హూ బ్యాండు 'లైవ్ ఎట్ లీడ్స్'. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో వాయించింది. రాక్ చరిత్రలో గట్టి సౌండున్న రికార్డులంటే మొదట చెప్పే పేర్లలో ఇదొకటి. ఒక గిటారు, ఒక బేసు, డ్రమ్స్, గొంతు, అంతే. వాళ్ళ పెట్టెల పిచ్చి అప్పటికే పాతది. 1965లో పీట్ టౌన్‌షెండ్ ఎనిమిది స్పీకర్లు ఒకే పెట్టెలో కావాలని మార్షల్‌తో పట్టుబట్టాడు. చేసిచ్చారు. మోసేవాళ్ళ నడుములు విరిగాక దాన్ని నాలుగూ నాలుగుగా విడగొట్టి ఒకదానిమీద ఒకటి పేర్చుకోవాల్సొచ్చింది. ఇవాళ మనం మార్షల్ స్టాక్ అనే గోడ అలా వచ్చిందే. టౌన్‌షెండూ బేసు వాయించే ఎంట్‌విసిలూ ఒకరి సౌండుని మించి ఒకరు పెంచుకుంటూ పోయారు. మా సెల్లారు గొడవే, కాకపోతే వాళ్ళకి డబ్బులుండేవి.

ఈ రికార్డు గురించి రాసే ప్రతివాడూ "పెద్ద సౌండులో వినాల్సిందే" అంటాడు. నేను ఒప్పుకోను. నేను దీన్ని ఎక్కువగా విన్నది రాత్రి పదకొండు దాటాక, పాప పడుకున్నాక, పక్క గదికి వినబడనంత మెల్లగా. అయినా గట్టిగానే ఉంటుంది. మెల్లగా వినిపిస్తూ గట్టిగా ఉండటమేమిటి? చెవి శబ్దాన్ని దాని స్థాయితో ఒక్కటే కొలవదు కాబట్టి. స్పీకర్ కాగితం తన హద్దు దాటి వణుకుతున్నప్పుడు స్వరంలో వచ్చే పగుళ్ళు, తీగ మీటిన తాకిడి నలిగిపోయి ఒకే ఎత్తున సాగడం, పై స్వరాల్లో గరుకు చేరడం, ఇవన్నీ "ఇది గట్టిగా మోగుతోంది" అని చెవికి చెప్పే గుర్తులు. వాల్యూమ్ ఎంత తగ్గించినా ఆ గుర్తులు చెరగవు. దూరంగా ఎవరో అరుస్తుంటే మనకి మెల్లగానే వినబడుతుంది, అయినా అది అరుపని తెలిసిపోతుంది కదా, అలా.

దీనికి తోడు వాళ్ళ తెలివి ఇంకొకటి. మొదటి పాట 'యంగ్ మ్యాన్ బ్లూస్'. అది అసలు మోజ్ అలిసన్ పాట. ఇందులో బ్యాండు మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. గొంతు ఒక్కటీ ఒక పాదం పాడుతుంది. మళ్ళీ అందరూ విరుచుకుపడతారు. మళ్ళీ ఆగుతారు. ఆ ఖాళీల్లోనే గది వినబడుతుంది. ఇప్పటి రికార్డుల్లో మొదటి సెకను నుంచి చివరిదాకా ఒకే ఎత్తున పిండేసి కలిపిన గిటార్లు ఉంటాయి. వాటి అంకెలు 'లీడ్స్' కంటే ఎక్కువే ఉంటాయి, వినడానికి మాత్రం చిన్నవిగా ఉంటాయి. నా మటుకు నాకు 'లీడ్స్'లో అసలు గొప్ప ఆ మౌనాల నిడివి. రికార్డు మధ్యలోని 'మై జనరేషన్' పదిహేను నిమిషాల సాగదీతని, నిజం చెప్పాలంటే, సగంలో దాటేస్తాను. అక్కడ సౌండుంది గానీ ఆగడాలు తక్కువ. ఎల్‌పీ లేబుల్ మీద చిటపటలు వినబడితే సరిచేయొద్దని రాయించారు. కేబుళ్ళ నుంచి వచ్చిన రొద అది. ఆ రొద కూడా వినబడేంత ఖాళీ ఆ రికార్డులో ఉందన్నమాట.

తర్వాత ఆ బ్యాండే అంకెల వెంట పడింది. 1976 మే 31న లండన్ చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ కొలిచి గిన్నిస్ పుస్తకంలో ఎక్కించారు. అది స్టేజి మీది గిటారు పెట్టెలది కాదు, మైదానానికి పెట్టిన పెద్ద స్పీకర్లది. తర్వాతి కాలంలో గిన్నిస్‌వాళ్ళు చెవులు పోతాయని ఆ విభాగమే ఎత్తేశారు. టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతి ఏళ్ళ తరబడి బాహాటంగా చెప్తూనే ఉన్నాడు.

నాది అంత పెద్ద కథ కాదు. రెండేళ్ళ క్రితం ఆఫీసు మీటింగుల్లో ఎడమవైపు కూచున్నవాళ్ళ మాటల్లో "స", "ఫ" కలిసిపోతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రాత్రిళ్ళు ఆ చెవిలో సన్నటి కూత కూడా ఉండేది. చిన్న గదిలో కూచోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, వినబడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఫ్లెచర్, మన్సన్ చేసిన పనికి దగ్గరి చుట్టమే. కాగితం చేతికొచ్చాక చూస్తే కుడి చెవి గీత తిన్నగా ఉంది. ఎడమది 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడి మళ్ళీ పైకొచ్చింది. పెద్ద శబ్దాల వల్ల పోయే వినికిడి ముందు ఆ చోటే పోతుందట. ఆ సెల్లారే కారణమని డాక్టరు గారు తేల్చి చెప్పలేదు, చెప్పలేరు కూడా. నేను ఇంటికొచ్చి ఆ కాగితాన్ని వింటేజ్ 30 గ్రాఫు పక్కన పెట్టుకున్నాను. ఒకదాన్లో గుట్ట, ఇంకోదాన్లో దానికి కాస్త పైన గుంట.

రెండూ ఫోటో తీసి మావాడికి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు. "సారీరా" అనలేదు, అనాలని నేనూ అనుకోలేదు. పెట్టె ఇంకా వాళ్ళ నాన్నగారింట్లోనే ఉందనీ, దాని మీద ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టారనీ చెప్పాడు. "ఎప్పుడైనా దింపి, ఎదురుగా నిలబడి వినరా ఒకసారి," అన్నాను. సరేనన్నాడు.

'లైవ్ ఎట్ లీడ్స్'లో గిటారు ఒక పక్క, బేసు ఇంకో పక్క వినబడతాయి. హెడ్‌ఫోన్లు గిటారు కుడి చెవికొచ్చేలా పెట్టుకుంటే టౌన్‌షెండ్ నా ఎదురుగానే ఉంటాడు. తిప్పి పెట్టుకుంటే రెండడుగులు వెనక్కి జరిగినట్టుంటాడు. ఈ వ్యాసం కోసం మళ్ళీ విన్నప్పుడల్లా గిటారుని కుడి చెవికే ఇచ్చాను.